రబ్బరు వదిలేసిన గీతలు

ఆ బొమ్మని నేను నేరుగా చూడలేదు. చూసినవాళ్ళు కూడా అందులో చూడ్డానికి పెద్దగా ఏమీ ఉండదనే చెప్తారు. బంగారు పూత పూసిన సన్నటి ఫ్రేమ్, లోపల మాసిపోయినట్టున్న కాగితం, దాని మీద దెయ్యాల్లాంటి కొన్ని మచ్చలు. ఫ్రేమ్‌తో కలిపి 64 సెంటీమీటర్ల ఎత్తు, 55 సెంటీమీటర్ల వెడల్పు. కింద చిన్న చీటీ మీద ఆఫీసు కాగితంలో లాగా పొందికగా మూడు విషయాలు రాసి ఉంటాయి: చెరిపేసిన డి కూనింగ్ డ్రాయింగ్, రాబర్ట్ రౌషెన్‌బర్గ్, 1953. శాన్‌ఫ్రాన్సిస్కో మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్ దీన్ని 1998లో సంపాదించుకుంది. 2010లో అదే మ్యూజియం ఈ కాగితాన్ని ఇన్‌ఫ్రారెడ్‌లో స్కాన్ చేయించి, కంప్యూటర్ సాయంతో పదును పెట్టించి, యాభై ఏడేళ్ళ కిందట రబ్బరుతో తుడిచేసిన గీతల్ని చాలావరకు బయటికి లాగింది.

నాకు ఇందులో బొమ్మకంటే స్కాన్ మీదే ధ్యాస. వేరొకరు కష్టపడి చెరిపేసినదాన్ని వెనక్కి తీసుకురావచ్చా అనేది ఒక ప్రశ్న. తెచ్చామనుకున్నాక మన చేతికొచ్చింది నిజంగా ఏమిటి అనేది రెండో ప్రశ్న. మొదటిదాని మీద అందరూ వాదిస్తారు. నాకు రెండోదే ముఖ్యమని ఈమధ్యే తెలిసింది, అదీ కొంచెం ఇబ్బందికరమైన పద్ధతిలో. అది తర్వాత చెప్తాను.

ముందు 1953 సంగతి. రౌషెన్‌బర్గ్‌కి అప్పటికి ఇంకా ముప్ఫై నిండలేదు. టెక్సస్‌లోని పోర్ట్ ఆర్థర్ అనే చమురు శుద్ధి కర్మాగారాల ఊరి నుంచి వచ్చినవాడు. రెండేళ్ళ ముందు బ్లాక్ మౌంటెన్ కాలేజీలో ఉండగా ఏ బొమ్మా లేని తెల్లటి కేన్వాసులు చేశాడు. మామూలు గోడలకి వేసే తెల్లరంగు, అంతే. ఆ కేన్వాసులని చూసిన ధైర్యంతోనే జాన్ కేజ్ 1952లో ఒక్క స్వరం కూడా పలకని తన సంగీత రచనని బయటికి తెచ్చాడు. రౌషెన్‌బర్గ్‌కి తర్వాత పట్టుకున్న పురుగు, ఏమీ వెయ్యకుండా బొమ్మ చేయగలిగాం కదా, ఉన్నది తీసేస్తూ బొమ్మ గీయగలమా అని. తన బొమ్మలే కొన్ని చెరిపి చూశాడు. కుదర్లేదు. తన గీత తాను చెరుపుకుంటే సగం ఆటలాగే ఉంది. చెరిపేది ముందే కళ అని అందరూ ఒప్పుకున్నదై ఉండాలి.

అందుకని విల్లెమ్ డి కూనింగ్ దగ్గరికి వెళ్ళాడు. 1953లో న్యూయార్క్‌లో అంతకంటే పెద్ద పేరు వెతకడం కష్టం. రాటర్‌డామ్‌లో పుట్టి, 1926లో ఓడలో దొంగతనంగా ప్రయాణించి అమెరికా చేరిన డచ్చివాడు. ఆ ఏడాది మార్చిలోనే స్త్రీల బొమ్మలతో ఆయన ప్రదర్శన జరిగింది, దాని గురించే ఊరంతా మాట్లాడుకుంటోంది. రౌషెన్‌బర్గ్ తర్వాత చాలాసార్లు చెప్పుకున్న ప్రకారం, చేతిలో జాక్ డేనియల్స్ సీసా పట్టుకుని తలుపు కొట్టాడు. లోపల ఎవరూ లేకపోతే బాగుండునని మనసులో మొక్కుకుంటూ కొట్టాడు. తలుపు తెరవకపోతే ఆ ఖాళీ గుమ్మమే తన పని అయ్యేదట. ఖర్మకాలి పెద్దాయన ఇంట్లోనే ఉన్నాడు. విషయం విన్నాడు. వేస్తున్న కేన్వాసుని తీసుకెళ్ళి తలుపుకి ఆనించి పెట్టాడు, కుర్రాడు పారిపోకుండానో, ఎవరూ లోపలికి రాకుండానో. ఆలోచన అర్థమైంది గానీ నచ్చలేదన్నాడు. అయినా ఇస్తానన్నాడు. ఒక బొమ్మల కట్ట తీశాడు. ఇందులోవి కావు, నాకు పోయిందని బాధ కలిగేది ఇవ్వాలి అన్నాడు. ఇంకోటి తీశాడు. చివరికి చెరపడానికి కష్టమయ్యేది ఇస్తానంటూ ఒకటి చేతిలో పెట్టాడు.

ఇవ్వను పొమ్మనడం తేలిక. ఉచితంగా ఏ చిత్తు కాగితమో ఇచ్చి పంపడం ఇంకా తేలిక. ఇష్టం లేని పని అడిగినవాడికి మంచిది వెతికి మరీ ఇవ్వడం ఏ కోవలోకి వస్తుందో నాకు సరైన మాట దొరకలేదు.

చెరపడానికి వారాలు పట్టింది. ఎన్ని వారాలు, ఎన్ని రబ్బర్లు అనే లెక్క చెప్పిన ప్రతిసారీ కొంచెం మారేది. మనింట్లో పెద్దవాళ్ళ కథల్లో వరద నీళ్ళ ఎత్తు మారినట్టే. పూర్తిగా చెరగలేదని అతనే ఒప్పుకున్నాడు. కింద చీటీ రాసింది జాస్పర్ జాన్స్, అప్పట్లో స్నేహితుడు, తర్వాత తనంతట తనే మహా చిత్రకారుడు. ఫ్రేమ్ వెనక మాత్రం రౌషెన్‌బర్గ్ స్వయంగా ఒక హెచ్చరిక రాశాడు: బొమ్మని ఫ్రేమ్ నుంచి తీయొద్దు, ఫ్రేమ్ కూడా బొమ్మలో భాగమే అని. ఇది విధ్వంసం కాదా అని అడిగిన వాళ్ళకి, కాదు, కవిత్వం అని జవాబిచ్చేవాడు.

లియో స్టైన్‌బర్గ్ అనే విమర్శకుడు ఈ పని గురించి విని రౌషెన్‌బర్గ్‌కి ఫోన్ చేశాడు. రెంబ్రాంట్ దొరికితే చెరిపేవాడివా అన్న తరహాలో చాలాసేపు మాట్లాడాక, ఇంతకీ దీన్ని నేను చూడకపోయినా ఫర్వాలేదేమో అనిపించిందని ఆయన చాలా ఏళ్ళ తర్వాత రాసుకున్నాడు. నేను చూడకుండా రాయడానికి ఇదే నా సర్టిఫికెట్.

ఒక ముఖ్యమైన సంగతి. చెరపక ముందు ఆ బొమ్మకి ఎవరూ ఫోటో తీయలేదు, తీసినా ఎక్కడా దొరకలేదు. ఫోన్లలో ప్రతి ప్లేటు ఇడ్లీనీ ఫోటో తీసే మనకి ఇది నమ్మశక్యంగా ఉండదు. దాంతో యాభై ఏళ్ళపాటు ఆ కాగితం మీద అసలు ఏముండేదో ఎవరి ఊహ వాళ్ళది. ఒక గొప్ప స్త్రీ బొమ్మ అనుకున్నవాళ్ళు ఎక్కువ.

ఇప్పుడు ఇన్‌ఫ్రారెడ్ దగ్గరికి వద్దాం. ఇంట్లో టీవీ రిమోట్ ఉంటే తీసుకోండి. ఫోన్‌లో సెల్ఫీ కెమెరా తెరిచి, రిమోట్ ముందుభాగాన్ని దానివైపు తిప్పి బటన్ నొక్కండి. కంటికి ఏమీ కనపడదు, చాలా ఫోన్ల స్క్రీన్ మీద మాత్రం ఊదా తెలుపు కలిసిన చుక్క మిణుకుమంటుంది. రిమోట్ నుంచి వచ్చేది దాదాపు 940 నానోమీటర్ల వెలుగు. మన కన్ను 700 దాటాక చేతులెత్తేస్తుంది. కెమెరా లోపలి సిలికాన్ సెన్సర్ 1100 దాకా చూడగలదు. మామూలు ఫోటోల రంగులు పాడవకుండా దాని ముందు ఒక ఫిల్టర్ పెట్టి మనవాళ్ళే దాన్ని సగం గుడ్డిదాన్ని చేస్తారు. ఆ ఫిల్టర్ తీసేస్తే మ్యూజియంలో వాడే పరికరానికి పేద చుట్టం తయారు.

ఈ వెలుగుని మొదట పట్టుకున్నది 1800లో విలియం హెర్షెల్. వృత్తిరీత్యా సంగీతకారుడు, అంతకుముందే యురేనస్‌ని కనిపెట్టిన ఖగోళ శాస్త్రవేత్త. సూర్యకాంతిని గాజు పట్టకంతో విడగొట్టి ఏ రంగు ఎంత వేడో థర్మామీటర్లతో కొలుస్తుంటే, ఎరుపు పక్కన ఏ రంగూ లేని చోట పెట్టిన థర్మామీటర్ అన్నిటికంటే ఎక్కువ చూపించింది. ఖాళీ అనుకున్న చోటే ఎక్కువ ఉంది.

బొమ్మల మీద దీన్ని వాడటం 1930లలో ఇన్‌ఫ్రారెడ్ ఫిల్ముతో మొదలైంది. ఆ ఫిల్ము 900 నానోమీటర్ల దగ్గరే ఆగిపోయేది, అందుకని కొన్ని నీలాలు, ఆకుపచ్చలు గోడల్లా అడ్డుపడేవి. 1960లలో వాన్ ఆస్పెరెన్ డి బూర్ అనే డచ్ భౌతిక శాస్త్రవేత్త, ఇంకా పొడుగు తరంగాలకి స్పందించే ఒక టీవీ కెమెరా గొట్టాన్ని బొమ్మల ముందు పెట్టాడు. రెండువేల నానోమీటర్ల ప్రాంతానికి వెళ్తే ఆ గోడలు కూడా చాలావరకు కరిగిపోతాయని చూపించాడు. తరంగం పొడుగయ్యే కొద్దీ రంగు పొడి రేణువుల మధ్య అది చెదిరిపోవడం తగ్గుతుంది, పైపొరలోంచి దూరిపోతుంది. కింద బొగ్గుతో గీసిన గీత ఉంటే అది మాత్రం వెలుగుని మింగేస్తుంది. తెల్ల పూత మీద నల్ల గీతగా తేలుతుంది. ఈ రంగంలో హీరో ఎవరని అడిగితే కార్బన్ అని ఒక్క మాటలో చెప్పొచ్చు. బొగ్గు, పెన్సిల్ గ్రాఫైట్, మసి సిరా, అన్నీ అదే.

మసి అనగానే మన తాటాకులు గుర్తుకు రావాలి. గంటంతో ఆకు మీద గీరి, ఆ గాట్లలోకి మసి రుద్దితే అక్షరాలు కనపడేవి. ఆకు నల్లబడిపోతే నలుపు మీద నలుపు, చదవలేం. ఉడుపి ప్రాంతపు మధ్వాచార్యుల సర్వమూల గ్రంథం తాటాకు ప్రతిని అమెరికాలోని రాచెస్టర్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ వాళ్ళు 2006 ప్రాంతంలో ఇన్‌ఫ్రారెడ్‌తో తీశారు. ఆకు తెల్లబడింది, మసి నల్లగానే నిలిచింది. ఆ బృందంలోని రోజర్ ఈస్టన్ అంతకుముందు ఆర్కిమిడీస్ రాతప్రతి మీద పనిచేసినవాడు. ఆ ప్రతిలో గణితాన్ని గీకేసి, దాని మీద ప్రార్థనలు రాశారు. మన ఊరి భండారాల్లో, లైబ్రరీల్లో నల్లబడిన తాటాకు కట్టలు ఎన్ని ఉన్నాయో తల్చుకుంటే ఈ వ్యాసం వేరే దారి పడుతుంది, అందుకని ఆపుతున్నా.

పాత బొమ్మల విషయంలో ఇన్‌ఫ్రారెడ్ ఎంత మర్యాదస్తురాలో సమకాలీన కళ విషయంలో అంత తిక్కది. ఫెల్ట్ పెన్నులు, నీలం బాల్‌పెన్నులు, రంగు అద్దకాలు చాలావరకు ఇన్‌ఫ్రారెడ్‌లో మాయమైపోతాయి. జిరాక్స్ పొడి, నల్ల అచ్చుసిరా, పెన్సిల్ నిలుస్తాయి. ఇరవయ్యో శతాబ్దపు కళాకారుడు ఒకే కాగితం మీద ఇవన్నీ కలిపేసి వాడతాడు. కాబట్టి స్కాన్‌లో కనపడింది బొమ్మ కాదు, బొమ్మలో కార్బన్ ఉన్న భాగం. కన్సర్వేటర్లకి ఇది మామూలు సంగతే. ఏది అసలు, ఏది తర్వాత ఎవరో పూసిన మరమ్మతు, ఎక్కడ పొర లేస్తోంది అని తెలుసుకోవడానికి వాళ్ళు ఇన్‌ఫ్రారెడ్‌ని ఎక్స్‌రే పక్కన, అతినీల కాంతి పక్కన పెట్టుకుని చూస్తారు. పత్రికల్లో హెడ్‌లైన్ అయ్యేసరికి మాత్రం 'దాగిన బొమ్మ దొరికింది' అవుతుంది.

నిజంగా దొరికిన సందర్భాలు లేకపోలేదు. వాషింగ్టన్‌లోని ఫిలిప్స్ కలెక్షన్‌లో పికాసో 1901లో వేసిన 'నీలి గది' ఉంది. పైన స్నానం చేస్తున్న స్త్రీ. కుంచె గాట్లు ఆ బొమ్మకి పొంతన లేకుండా ఉన్నాయని 1950లలోనే ఒక కన్సర్వేటర్ గమనించాడు. ఇన్‌ఫ్రారెడ్ చిత్రాల్లో చివరికి, చెయ్యి చెంపకి ఆనించుకుని, బో టై కట్టుకున్న గడ్డపాయన బయటపడ్డాడు. 2014లో లోకానికి చెప్పారు. అక్కడ ఎవరి మనసూ నొచ్చుకోదు. కుర్ర పికాసో దగ్గర కొత్త కేన్వాసుకి డబ్బుల్లేవు, వేసినదాని మీదే వేశాడు. కప్పడం అతని ఉద్దేశం కాదు, గత్యంతరం.

రౌషెన్‌బర్గ్ కాగితం అలాంటిది కాదు. అక్కడ చెరపడమే పని.

మరి 2010 స్కాన్‌లో ఏం కనిపించింది? ఒక్క గొప్ప స్త్రీ బొమ్మ కాదు. కాగితాన్ని అటూ ఇటూ తిప్పుకుంటూ గీసినట్టున్న కొన్ని ఆకారాలు. వాటిలో స్త్రీ రూపాలు స్పష్టంగానే తెలుస్తాయి, ఆ కాలపు డి కూనింగ్ చేతివాటం ఎక్కడున్నా పట్టేయొచ్చు. చూస్తే ప్రదర్శనకి గీసింది కాదు, ఆలోచించుకోవడానికి గీసినట్టుంటుంది. మొదటిసారి చూసినప్పుడు నాకు కలిగింది, నిజం చెప్పాలంటే, చిన్న నిరాశ. ఇంతేనా? పోయిందని బాధ కలిగేది ఇస్తానన్నాడుగా? ఆ నిరాశకి తర్వాత సిగ్గుపడ్డాను. పోతే బాధ కలిగేది ఎప్పుడూ గోడకెక్కిందే అయ్యుండాలని ఎక్కడుంది. పైగా అందులో రంగు క్రేయాన్ లాంటిదేదైనా ఉండి ఉంటే అది ఈ స్కాన్‌కి చిక్కదు కూడా.

ఇక్కడ నా వృత్తి అడ్డొస్తుంది. నేను రోజూ చేసే పని డేటాని శుభ్రం చేయడం. ఏది సిగ్నల్, ఏది నాయిస్ అని ముందే ఒకరు నిర్ణయించాలి, ఆ తర్వాతే ప్రోగ్రామ్ దాన్ని వేరు చేస్తుంది. ఇలాంటి స్కాన్లలో సాధారణంగా ఒకే కాగితాన్ని వేర్వేరు వెలుగుల్లో తీసి, పిక్సెల్ మీద పిక్సెల్ పడేలా సర్దుతారు. ఒకదాంట్లోంచి ఒకటి తీసేస్తారు. మిగిలిన సన్నటి తేడాని సాగదీసి కాంట్రాస్ట్ పెంచుతారు. కాగితం పసుపు పోతుంది, మరకలు పోతాయి, గ్రాఫైట్ మిగులుతుంది. ఎక్కడ ఆపాలన్నది మనిషి ఇష్టం. కొంచెం తక్కువ సాగదీస్తే మసక, ఎక్కువ సాగదీస్తే లేని గీత కూడా ఉన్నట్టే ఉంటుంది. మోసమని అనట్లేదు, ఆ పని అంతే.

కానీ ఆ లెక్కలో సిగ్నల్ ఎవరు, నాయిస్ ఎవరు అని చూడండి. సిగ్నల్ డి కూనింగ్. నాయిస్ రౌషెన్‌బర్గ్. వారాల తరబడి రబ్బరు అరగదీసిన చెయ్యి, కాగితం మీద లేచిన నూగు, పాకిన మసక, ఇవన్నీ అతని గీతలు. అసలు ఆ ఫ్రేమ్ కింద పేరున్నది అతనిది. స్కాన్ చేసిన మేలు ఏమిటంటే ఆ పేరున్నవాడి పనినంతా తీసేసి, పేరు లేనివాడి పనిని తెచ్చి పెట్టడం. రౌషెన్‌బర్గ్ చెరిపాడు; కంప్యూటర్ రౌషెన్‌బర్గ్‌ని చెరిపింది. అతను 2008లో పోయాడు, స్కాన్ 2010. అడగడానికి మనిషి లేడు.

ఇంకో చిక్కు కూడా ఉంది. డి కూనింగ్ తన బొమ్మల్ని తనే గీసి, చెరిపి, గోకి, మళ్ళీ గీసే మనిషి. 'ఉమన్ 1' మీద 1950 నుంచి 52 దాకా పడ్డ పాట్లు అందరికీ తెలిసినవే. రబ్బరు ఆయనకి కూడా గీసే పనిముట్టే. అంటే స్కాన్‌లో తేలిన గీతల్లో కొన్ని, కుర్రాడు తలుపు కొట్టకముందే పెద్దాయనే చెరిపేసుకున్నవి అయ్యుండొచ్చు. ఇన్‌ఫ్రారెడ్‌కి కార్బన్ ఉందా లేదా అన్నదే తెలుసు. ఎవరు తుడిచారో, ఎందుకు తుడిచారో దానికి తెలీదు.

ఇది నాకు పుస్తకాల్లో అర్థం కాలేదు, ఇంట్లో అర్థమైంది. నాన్న లెక్కల మాస్టారు. పోయి నాలుగేళ్ళయింది. ఆయన నెలవారీ పద్దులు రాసుకున్న నోటుపుస్తకాలు ఒంగోలు ఇంట్లో ఓ ట్రంకుపెట్టె నిండా ఉన్నాయి. అన్నీ నీలం బాల్‌పెన్నుతోనే, ఒకే దస్తూరీ. 2006 పుస్తకంలో మాత్రం ఒక పేజీ చివర పెన్సిల్‌తో ఏదో రాసి, రబ్బరుతో గట్టిగా చెరిపేసి ఉంది. ఆ ఏడే నేను ఇంజనీరింగ్‌లో చేరాను. ఆ పేజీ నన్ను చాలాకాలంగా తినేస్తోంది.

ఫోటోగ్రఫీ పిచ్చి ఉన్న స్నేహితుడి దగ్గర లోపలి ఫిల్టర్ తీసేయించిన పాత కెమెరా ఉంది. బతిమాలి తెచ్చుకున్నా. మొదటి ఫోటోలన్నీ కటిక చీకటి. ఎందుకంటే ఇంట్లో అన్నీ ఎల్ఈడీ బల్బులే, వాటిలో ఇన్‌ఫ్రారెడ్ ఉండదు. సామాన్ల గదిలో పాత ఫిలమెంట్ బల్బు ఒకటి ఇంకా వెలుగుతోంది. పుస్తకం అక్కడికి మోసుకెళ్ళి, బల్బు కింద పరిచి మళ్ళీ తీశాను.

ఆ ఫోటో చూసినప్పటి సంగతి చెప్పాలి. నాన్న రాసిన నీలి అక్షరాలన్నీ మాయం. పాలవాడు, కరెంటు బిల్లు, నా హాస్టల్ ఫీజు, ఒక్కటీ లేదు. పేజీకున్న గీతలు లేవు, పాత టీ మరక లేదు. తెల్లటి పేజీ. అడుగున మాత్రం, చెరిపేసిన ఆ రెండు వరుసలు లేతగా తేలాయి. కాంట్రాస్ట్ పెంచితే చదవగలిగాను. గాజులు 4, తాకట్టు, 28,000, నూటికి రెండు.

అరగంటలో నేను మొత్తం కథ అల్లేసుకున్నాను. నా ఫీజు కోసం నాన్న అమ్మకి చెప్పకుండా గాజులు తీసుకెళ్ళాడు, దొరక్కుండా ఉండాలని పెన్సిల్‌తో రాశాడు, తర్వాత చెరిపేశాడు. గొంతు పట్టేసింది. అమ్మకి చూపించాలా వద్దా అని ఆలోచిస్తుంటే ఆవిడే వచ్చింది.

"ఈ గదిలో ఏం చేస్తున్నావురా ఇంతసేపు?"

చూపించాను. కళ్ళజోడు సర్దుకుని ల్యాప్‌టాప్ దగ్గరగా వంగింది.

"నా గాజులే. అది చెరిపింది నాన్న కాదురా, నేనే. విడిపించుకొచ్చిన రోజు చెరిపేశా. ఆయన పెన్నుతో కొట్టేస్తానన్నారు. కొట్టేస్తే రోజూ కనపడుతుంది, తుడిచెయ్యమన్నా. ఆయన తుడవకపోతే నేనే తుడిచా."

"ఇంకెందుకమ్మా గుర్తు పెట్టుకున్నావ్?"

"గుర్తెక్కడుందీ, నువ్వు తవ్వేదాకా. అన్నానికి రా."

అంతే. గీతలు నేను సరిగ్గానే చదివాను, ఒక్క అంకె కూడా తప్పు కాదు. కథ మాత్రం పూర్తిగా తప్పు. ఎవరు చెరిపారన్నది తప్పు, ఎందుకన్నది తప్పు. దాచడం అనుకున్నది అప్పు తీరిన సంబరం. పైగా ఆ రెండు వరుసలు చూడ్డం కోసం నేను తీసిన ఫోటోలో నాన్న చేతిరాత మొత్తం పోయింది.

ఆ తర్వాత మ్యూజియం వాళ్ళ పేజీకి వెళ్ళి మళ్ళీ చూశాను. నా పాత కోపం కొంత తగ్గింది. వాళ్ళు స్కాన్‌ని బొమ్మ స్థానంలో పెట్టలేదు. గోడ మీదుండేది కాగితమే. స్కాన్ ఆ కాగితం గురించిన పరిశోధనలో ఒక బొమ్మగా, పక్కన ఉంది. 2013లో రౌషెన్‌బర్గ్ మీద వాళ్ళు బయటపెట్టిన పెద్ద పరిశోధన ప్రాజెక్టులో ఈ కాగితం చరిత్ర, ఫ్రేమ్ వెనక రాత, చీటీ, అన్నీ వివరంగా ఇచ్చారు. బొమ్మ ఏ పదార్థంతో చేసింది అనే చోట నాకు నచ్చిన మాట ఒకటుంది: బొమ్మ గీసే సామగ్రి జాడలు అని రాశారు. పెన్సిల్ అనలేదు, బొగ్గు అనలేదు. జాడలు. స్కాన్ చేయకపోతే ఆ జాడలు ఎంత ఉన్నాయో, ఏ మూల ఎంత పలచగా ఉన్నాయో కాపాడేవాళ్ళకి తెలిసేది కాదు. ఆ మాత్రం తెలియకుండా కాగితాన్ని శుభ్రం చేయబోతే, రౌషెన్‌బర్గ్ ఆపిన చోట ఆగకుండా ఇంకో చెయ్యి చెరపడం అవుతుంది. ఆ పనికి స్కాన్ కావాలి, నేను ఒప్పుకుంటాను. 'అసలు బొమ్మ ఇదిగో' అని పంచుకునేవాళ్ళతోనే నా పేచీ. అసలు బొమ్మ ఫ్రేమ్‌లో ఉంది.

ఇప్పుడు మ్యూజియం దగ్గర రెండున్నాయి, కాగితమూ, ఫైలూ. కాగితానికి వెలుగుతో ముప్పు, గాలిలో తేమతో ముప్పు. వాటిని ఎలా అదుపులో పెట్టాలో ఆ వృత్తివాళ్ళకి బాగా తెలుసు. ఫైలుకి ముప్పు నాలాంటివాళ్ళతో. పదేళ్ళ కిందట నేనే రాసిన ఒక ప్రోగ్రామ్ ఫైళ్ళని ఈమధ్య తెరవబోతే సగం తెరుచుకోలేదు. కాబట్టి రెండింట్లో ముందు మాసిపోయేది ఏదని పందెం వేయమంటే నేను కాగితం మీద వేయను. స్నేహితుడి కెమెరా తిరిగిచ్చేశాను. మెమరీ కార్డు ఇంకా నా దగ్గరే ఉంది. 2006 పుస్తకాన్ని అమ్మ ట్రంకుపెట్టెలో మిగతావాటి మధ్య ఎక్కడో సర్దేసింది.